పగిలిన పడవ నేర్పిన పాఠం

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 నాకు మైకు అలవాటు లేదు. నలభై ఏళ్లుగా ఏలూరులో కాలవ గట్టు పక్కన షెడ్డులో నిప్పురవ్వల మధ్య గడిపినవాణ్ణి. సెక్రటరీ గారు వచ్చి, "భాయ్, మన పడవ రిపేరు గురించి పదిహేను నిమిషాలు మాట్లాడండి, కుర్రాళ్లకు ఉపయోగపడుతుంది" అన్నారు. సరేనన్నాను. అయితే రిపేరు సంగతి చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి. అది చెప్పకుండా మిగతాది చెబితే సగం అబద్ధం అవుతుంది.

మన కొల్లేరు సంగతి మీకు తెలుసు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు అన్నీ వచ్చి అందులోనే పడతాయి. బయటికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. పదిమంది లోపలికి వచ్చి, ఒక్కరే బయటికి పోగలిగే గుమ్మం లాంటిది. అందుకే ఎక్కడో మైలవరం కొండల్లో వాన పడితే నాలుగు రోజుల తర్వాత లంక గ్రామాల్లో ఇళ్ల ముందు నీళ్లు నిలుస్తాయి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. టీవీలు అన్నీ అక్కడే ఉన్నాయి. ఆ నీరు చివరకు చేరింది మన కొల్లేరుకే. కైకలూరు రోడ్డు మీదికి నీళ్లు ఎక్కాయి.

అంతకు కొన్ని నెలల ముందే మన సొసైటీ ఒక పాత అల్యూమినియం పడవ కొంది. పదహారు అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు. పాత సామాన్ల దగ్గర చవగ్గా దొరికింది. తేలిగ్గా ఉంటుంది, నలుగురు ఎత్తితే లేస్తుంది, ట్రాలీ ఆటో మీద వేసుకుని ఎక్కడికైనా పోవచ్చు. ఆలోచన మంచిదే. తెచ్చినరోజు నాకు చూపించారు. వెనక ఇంజను బిగించే పలక మూలలో జానెడు పొడవు వెంట్రుక లాంటి గీత కనిపించింది. "ఇది పగులు" అన్నాను. "వరద వస్తోందంటున్నారు, ఏదో ఒకటి చెయ్యండి భాయ్" అన్నారు. నా దగ్గర ఇనుము అతికే ఆర్క్ మిషను తప్ప అల్యూమినియానికి పనికొచ్చే మిషను లేదు. ఆ మాట చెప్పి పంపించాల్సింది. చెప్పలేదు. రెండు ముద్దలు కలిపి పిసికే పుట్టీ తెచ్చి గీత మీద అద్ది, పైన వెండి రంగు పూసి, "నడుస్తుంది" అన్నాను. గంట పని. ఆ గంటలో నేను చేసింది ఏమిటంటే, కనిపిస్తున్న ప్రమాదాన్ని కనిపించకుండా చేయడం.

వరదలో మన కుర్రాళ్లు ఆ పడవ తీసుకుని అన్నం పొట్లాలు, పాల ప్యాకెట్లు పంచడానికి వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు ఒక లంక ఊరి నుంచి నెలలు నిండిన అమ్మాయిని, వాళ్ల అమ్మను ఎక్కించుకున్నారు. ఆసుపత్రికి పోవాలి. "నన్నూ తీసుకెళ్లండి" అని మరో నలుగురు ఎక్కారు. మన కుర్రాళ్లు ముగ్గురు. మొత్తం తొమ్మిది మంది. దారిలో గుర్రపు డెక్క అడ్డం పడింది. ఇంజను ముందుకీ వెనక్కీ గట్టిగా ఇచ్చి లాగారు. ఆ ఊపుకు పుట్టీ ఊడింది, పగులు నోరు తెరిచింది. నిమిషాల్లో మడమల దాకా నీళ్లు. అన్నం తెచ్చిన సిల్వరు గిన్నెలతోనే నీళ్లు తోడుకుంటూ కిక్కిస దుబ్బుల దాకా వచ్చారు. అక్కడ వేటకు వచ్చిన ఒక పెద్దాయన తన తాటి దోనె తెచ్చి, ముందు ఆ అమ్మాయిని, తర్వాత మిగతావాళ్లను రెండు మూడు విడతలుగా గట్టు ఎక్కించాడు. చివర్లో మన పడవ కేసి చూసి, "సాయిబు గారూ, ఇది పడవ కాదండి, జల్లెడండి" అన్నాడట. అల్హందులిల్లాహ్, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ అమ్మాయికి ఆ రాత్రే కాన్పు అయింది. తల్లీబిడ్డా క్షేమం. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ జల్లెడకు రంగు పూసింది ఈ చేతులే.

నీళ్లు తగ్గాక పడవను తాడేపల్లిగూడెం తీసుకెళ్లాను. అక్కడ మా మేనల్లుడికి ఆర్గాన్ వెల్డింగ్ షెడ్డు ఉంది. పన్నెండు రోజులు వాడి దగ్గర కూర్చుని, నలభై ఏళ్ల తర్వాత మళ్లీ శిష్యరికం చేశాను. అక్కడ నేర్చుకున్నది ఇప్పుడు చెబుతాను.

మొదట, పగులు ఎందుకు వస్తుంది? మన తాత ముత్తాతల తాటి దోనెకు పర్రె పడితే సందులో గుడ్డ కూరి తారు పూసేవారు. చేపల చెరువుల్లో తవుడు, చెక్క వేసే ఇనుప పడవకు చిల్లు పడితే షీటు ముక్క పెట్టి అతికేస్తాం. అల్యూమినియాన్ని కూడా అలాగే అనుకుంటాం. అది అలా కాదు. ఇనుములో మూడో వంతు బరువే ఉంటుంది గానీ, అంతే మందం ఇనుము కంటే మూడింతలు ఎక్కువ వంగుతుంది. ఇనుప తీగను చేత్తో అటూ ఇటూ వంచితే కాసేపటికి తెగుతుంది కదా, పడవ షీటుకూ జరిగేది అదే. ఇంజను వణికినప్పుడల్లా, అల కొట్టినప్పుడల్లా, ట్రాలీ ఆటో గతుకుల్లో ఎగిరినప్పుడల్లా షీటు రవ్వంత వంగి మళ్లీ నిలుస్తుంది. ఇనుముకు ఒక హద్దు ఉంది. ఆ హద్దు లోపల ఎన్నిసార్లు వంచినా మామూలుగా అలసిపోదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న ఊపులు కూడా లెక్కలో చేరుతూనే ఉంటాయి. అందుకే వాడిన పడవ కొనేటప్పుడు దాని వయసు కంటే అది ఎన్ని ఊపులు తిన్నదో చూడాలి.

పగులు మొదలయ్యేది ఎక్కడ? మూలల్లో, పాత వెల్డింగు అంచుల్లో, బోల్టు కన్నాల దగ్గర, అడుగున అడ్డపట్టీలు ఆగిపోయే చోట, ఇంజను పలక కింద. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే మీలో చాలామంది చూసి ఉంటారు. ఇప్పుడు నిట్ కాలేజీ ఆ పక్కనే ఉంది. మా మేనల్లుడు ఆ వైపు చూపించి నాకు ఒక సంగతి చెప్పాడు. విమానాలూ అల్యూమినియమే. 1954లో ఇంగ్లండువాళ్ల కామెట్ అనే జెట్ విమానాలు రెండు, జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి, గాల్లోనే విడిపోయి సముద్రంలో పడ్డాయి. కారణం తెలియలేదు. అప్పుడు ఫార్న్‌బరోలో ఒక విమానాన్ని పెద్ద నీళ్ల తొట్టిలో పెట్టి, లోపల ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ వేలసార్లు పరీక్షించారు. చివరకు కిటికీ లాంటి కోత మూల దగ్గర పగులు బయటపడింది. అప్పటి నుంచి ప్రపంచానికి రెండు మాటలు గట్టిగా తెలిశాయి. మూల గుండ్రంగా ఉండాలి. ఊపులు లెక్కపెట్టాలి. కొల్లేరులో పడవకు కూడా ఇవే రెండు మాటలు.

రెండోది, పగులు ఎంతవరకు ఉందో కనిపెట్టడం. కంటికి జానెడు కనిపిస్తే అసలు పగులు ఇంకా ముందుకు పోయి ఉంటుంది. రంగు అంతా గీకి, శుభ్రం చేసి, ఎర్ర ద్రవం చల్లి, కాసేపు ఆగి తుడిచి, తెల్లపొడి చల్లాలి. పగులులో దాగిన ఎరుపు పైకి వచ్చి గీతలా కనిపిస్తుంది. మా పనివాళ్లు దీన్ని డీపీ టెస్టు అంటారు. మన పడవకు ఇలా చేస్తే జానెడు గీత మూరెడైంది. అదీ కాక నేను అసలు చూడని మరో రెండు పగుళ్లు అడుగున అడ్డపట్టీ చివర బయటపడ్డాయి. నా పుట్టీ వాటి దరిదాపుల్లో కూడా లేదు.

మూడోది, పగులును ఆపడం. దాని రెండు చివర్లా, కనిపించే కొసకు కాస్త ముందుగా, మూడు నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి చిల్లు వేయాలి. ఇది చూసి అక్కడి కుర్రాడొకడు నవ్వాడు. "చాచా, కారుతున్న పడవకు ఇంకో చిల్లా?" అన్నాడు. ఇక్కడ కూర్చున్న పెద్దలకు మూసా అలైహిస్సలాం, ఖిజర్ అలైహిస్సలాంల ప్రయాణం కథ గుర్తొచ్చే ఉంటుంది. బీదవాళ్ల పడవకు ఖిజర్ రంధ్రం చేస్తే మూసా ఆశ్చర్యపోయారు. మంచి పడవలన్నీ లాక్కుంటున్న రాజు నుంచి ఆ పడవ ఆ లోపం వల్లే దక్కింది. ఆ కథ లోతు వేరు, దాన్ని వెల్డింగు షెడ్డుకు దించే పాండిత్యం నాకు లేదు. నేను చెప్పేది చిన్న సంగతి. పగులు కొస సూదిమొనలా ఉంటుంది, బలమంతా ఆ మొన మీదే పడి ముందుకు చీలుస్తుంది. గుండ్రటి చిల్లు వేస్తే ఆ మొన పోతుంది, బలం చుట్టూ పంచుకుపోతుంది. విమానాలు బాగుచేసేవాళ్లకు ఇది పాత పద్ధతే. అయితే చిల్లు ఆపుతుంది, అంతే. అతకదు. తర్వాత పని చేయాల్సిందే.

నాలుగోది, శుభ్రం. అల్యూమినియం మీద ఎప్పుడూ కంటికి కనపడని పొర ఒకటి ఉంటుంది. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది. దాని పైపొర 2000 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఆ పొర తీయకుండా వేడిచేస్తే, లోపల పాయసం అయిపోతుంది, పైన మీగడ అలాగే ఉంటుంది. అతుకు పడదు. పైగా ఇనుములా ముందు ఎర్రబడి హెచ్చరించదు. ఉన్నట్టుండి జారి కింద పడిపోతుంది. కాబట్టి ముందు ఎసిటోన్‌తో జిడ్డు తుడవాలి, ఆ తర్వాత కొత్త స్టీలు బ్రష్షుతో రుద్దాలి. వరస మార్చకూడదు. ముందే రుద్దితే జిడ్డు లోపలికి పోతుంది. ఇనుము గీకిన బ్రష్షు, ఇనుము అరగదీసిన చక్రం దీనికి వాడకూడదు. ఇనుప రజను దిగబడి అక్కడి నుంచే తినడం మొదలవుతుంది.

అయిదోది, అతకడం. పగులు పొడుగునా వి ఆకారంలో గాడి తీసి, ఆర్గాన్ గాలి రక్షణలో ఏసీ కరెంటుతో అతకాలి. ఏసీలో కరెంటు అటూ ఇటూ మారుతుంది కదా, ఒకవైపు పోయేటప్పుడు పైపొరను చీలుస్తుంది, మరోవైపు పోయేటప్పుడు లోహాన్ని కరిగిస్తుంది. కడ్డీ కూడా చూసి వాడాలి. పడవ షీట్లలో ఎక్కువగా మెగ్నీషియం కలుస్తుంది. వాటికి 5356 నంబరు కడ్డీ సరిపోతుంది. షాపులో తేలిగ్గా దొరుకుతుందని 4043 వేస్తే, మెగ్నీషియం ఎక్కువున్న షీటులో అతుకు పెళుసవుతుంది. ఒకేసారి పొడుగునా లాగకుండా రెండేసి అంగుళాలు అతికి, చల్లారనిచ్చి, మరో చోట అతకాలి. లేకపోతే షీటు అప్పడంలా వంకర తిరుగుతుంది. వీలైతే వెనకవైపు కూడా గాడి తీసి అతకాలి.

ఆరోది, బలం. వెల్డింగు వేడికి పక్కనున్న షీటు మెత్తబడుతుంది. అతుకు గట్టిగా ఉన్నా దాని పక్కనే మళ్లీ పగులుతుంది. అందుకే ఇంజను పలక మూలలో లోపలివైపు గుండ్రటి మూలలున్న పట్టీ ఒకటి వేసి బలం ఎక్కువ మేర పంచాం. నలుచదరంగా కోసిన పట్టీ వేస్తే దాని మూలే రేపటి పగులు. అలాగే అడుగున ఆగిపోయిన అడ్డపట్టీని తర్వాతి పట్టీ దాకా పొడిగించాం. పగులును అతికితే చాలదు, పగులు పుట్టిన కారణాన్ని తీయాలి.

ఏడోది, పరీక్ష. అతుకు ఒకవైపు సుద్ద నీళ్లు పూసి ఆరబెట్టి, రెండోవైపు కిరోసిన్ రాసి అరగంట చూశాం. సన్న రంధ్రం ఉన్నా సుద్ద మీద నల్లటి మరక వస్తుంది. మొదటిసారి రెండు చోట్ల మరక వచ్చింది. గీకి మళ్లీ అతికాం. రెండోసారి సుద్ద తెల్లగా ఉంది. అప్పుడు గానీ నీళ్లలో దించలేదు.

కుర్రాళ్లకు ఒక్కమాట. ఈ పనిలో వెలుగు ఇనుము పనికంటే తీక్షణం. కళ్లద్దం, పూర్తి చేతుల చొక్కా లేకుండా కూర్చోవద్దు. మూసిన అరల్లో ఆర్గాన్ నిండితే ఊపిరి ఆడదు, వాసన కూడా తెలియదు. అడుగున థర్మోకోల్ లాంటి నురగ ఉంటే ముందు తీసేయాలి, అంటుకుంటే విషపు పొగ. తడి నేల మీద నిలబడి మిషను పట్టుకోవద్దు. పెట్రోలు ట్యాంకు పడవలో ఉండగా మంట దగ్గరికి రానివ్వొద్దు.

బాగుచేశాక కాపాడుకోవడం ఇంకో పని. ఎండాకాలంలో ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు కొల్లేరులోకి ఎగదన్నుతుంది. ఉప్పునీళ్లలో ఇనుప బోల్టు, అల్యూమినియం కలిసి ఉంటే అల్యూమినియం కరిగిపోతుంది. స్టీలు బోల్టు వేసి మధ్యలో నైలాన్ వాషరు పెట్టాలి. అడుగున తడి గోనె సంచులు వదిలేయకూడదు. వాటి కింద షీటుకు గుంటలు పడతాయి. రాగి తీగ ముక్క, చిల్లర నాణెం కూడా అడుగున ఉండనీయకండి. ట్రాలీ ఆటో మీద సగం పడవ గాల్లో వేలాడేలా కట్టవద్దు. ఇంజను విప్పి విడిగా తీసుకెళ్లండి.

ఇక చివరి మాట. ఇది కొందరికి నచ్చకపోవచ్చు. బాగుచేసిన పడవ మీద "పది మంది" అని రాయించాలని కమిటీలో అనుకున్నారని విన్నాను. నేను ఒప్పుకోను. చిన్న పడవలకు ఒక మోటు లెక్క ఉంది. పొడవు అడుగుల్ని వెడల్పు అడుగులతో గుణించి పదిహేనుతో భాగించాలి. పదహారు అయిదులు ఎనభై. ఎనభైని పదిహేనుతో భాగిస్తే అయిదు, పైన కొంచెం. అంటే అయిదుగురు. ఆ రోజు ఎక్కింది తొమ్మిది మంది. అమెరికాలో ఇరవై అడుగుల లోపు మోటారు పడవ అమ్మాలంటే ఎంతమంది ఎక్కవచ్చో పలక మీద రాసి బిగించాలి. మనకు చెప్పేవాడు లేడని మనం రాసుకోకూడదా?

"మునిగిపోతున్నవాళ్లు చేతులు చాపితే ఆరో మనిషిని ఎలా వదిలేస్తాం?" అని ఒక తమ్ముడు నన్ను అడిగాడు. అతని మనసు మంచిది. నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఒక్కటే చెప్పగలను. 2017 నవంబరు 12న కృష్ణలో ఫెర్రీ దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన పడవలో 77 మంది ఉంటే 26 మందే బతికి బయటపడ్డారు. ఆ పడవను ధర్మాడి సత్యం బృందం పైకి తీసేసరికి అక్టోబరు 22 అయింది. పడవ మునిగితే ఆరోవాడు ఒక్కడే పోడు, ముందు ఎక్కిన అయిదుగురూ పోతారు. అందుకని ఆరోవాడికి "ఉండు, మళ్లీ వస్తాను" అని చెప్పి, నిజంగా మళ్లీ రావాలి. ఆ దోనె పెద్దాయన చేసింది అదే. తన దోనె ఎంత మొయ్యగలదో ఆయనకు తెలుసు. అందర్నీ ఒక్కసారే ఎక్కించుకోలేదు. రెండు మూడు విడతలు తిరిగాడు.

కమిటీకి నా మనవి నాలుగే మాటలు. పడవ రెండు పక్కలా పెద్ద అక్షరాలతో "అయిదుగురు" అని రాయించండి. పడవలో ఎప్పుడూ ఆరు లైఫ్ జాకెట్లు ఉంచండి, వేసుకోనివాణ్ణి ఎక్కించకండి. పడవకు ఒక పుస్తకం పెట్టండి, ఏ రోజు ఎక్కడికి పోయింది, ఎక్కడ తగిలింది, ఎవరు చూశారు అన్నీ రాయండి. ఏటా వానలకు ముందు రంగు గీకి అతుకులు చూపించండి. పడవ దాతల అమానత్. అంతకంటే, అందులో కూర్చునేవాళ్ల ప్రాణాలు మన దగ్గర అమానత్. వాళ్లు పడవ అడుగు చూసి ఎక్కరు, మన ముఖం చూసి ఎక్కుతారు.

ఈ సభలో నాకు శాలువా కప్పాలని అనుకున్నట్టు తెలిసింది. దయచేసి వద్దు. ఆ డబ్బుకు ఒక జాకెట్ వస్తుంది. ఇంకోమాట. ఇకముందు ఎవరైనా "ఏదో ఒకటి చెయ్యండి భాయ్" అని నా షెడ్డుకు వస్తే, చేతకానిది చేతకాదని చెబుతాను. మా కుర్రాళ్లు కూడా అది నేర్చుకోవాలి. వెల్డింగు కంటే కష్టమైన పని అది.

వచ్చే ఆదివారం జుహర్ నమాజు తర్వాత పడవను షెడ్డు ముందు బోర్లా పెడతాను. రంగు గీకి, సుద్ద పూసి, కిరోసిన్ రాసి చూద్దాం. నేర్చుకోవాలనుకున్న కుర్రాళ్లు పాత బట్టలు వేసుకుని రండి. మరక కనిపిస్తే సిగ్గుపడొద్దు, వేలు పెట్టి చూపించండి. నేను అతికిన చోటైనా సరే.